తడి దుమ్ము

కుళ్లాయప్ప నోరు తెరిస్తే
ముందు డీజిల్ వాసన, తర్వాత లవంగం.
రాత్రంతా బుగ్గన పెట్టుకున్నాడట.

ఆ పంటి స్క్రూ దించింది నేనే, మూడు నెలల కిందట,
కమలానగర్‌లో ఈ మేడమీది గదిలోనే.
శింగనమల దగ్గర బోరు బండి రాడ్డు విప్పుతుంటే
పైపు రెంచి జారి ఎగరగొట్టిన పన్ను చోట.
పైన తొడుగు ఇంకా వెయ్యలేదు.
ఇప్పుడు చిగురు మీద చిన్న పొక్కు,
నొక్కితే జొన్నగింజంత చీము.

ఊపి చూశాను. కదల్లేదు.
అద్దం పిడితో తట్టాను,
ఇత్తడి చెంబుకి గోరు తగిలినట్టు ఖంగుమంది.
చుట్టూ కొలపుల్ల దించాను:
మూడు మిల్లీమీటర్లు, మూడు, రెండు, మూడు.
చెడ్డ అంకె ఒక్కటీ లేదు.
పైనుంచి చూసినవాళ్లెవరైనా
బాగుంది, పో అంటారు.

పొక్కు రంధ్రంలోంచి
గులాబీరంగు మెత్తటి పుల్లని లోపలికి పంపి ఎక్స్‌రే తీశాను.
తెర మీద ఆ పుల్ల వంకరగా నడిచి నడిచి
ఎముక లోపల, స్క్రూ మొన దగ్గర ఆగింది.
అక్కడ, కాలిన అగ్గిపుల్ల తలలా,
ఇంత నలుపు.

"కేసింగ్ గట్టిగానే ఉండాది గదా మేడం,"
దూది నోట్లో ఉంచుకొనే అన్నాడు,
"అడుగున చెడినట్లుండాది."
మూడేళ్లు చదివి నేను నేర్చుకున్న మాట అది.

పక్క పంటి మీద ఐసు పుల్ల పెట్టాను.
చల్లగుందా?
"ఏమీ లేదు మేడం."
ఇంకొంచెంసేపు ఉంచాను.
"ఏంది, పెట్టినారా?"
రెంచి ఒక పన్నునే రాల్చిందనుకున్నాం.
పక్కదాన్ని నిలబెట్టే చంపిపోయిందని
ఆ రోజే ఐసు పెట్టి చూడలేదు నేను.

సరే, కారణం దొరికింది.
చీటీ రాద్దామని పెన్ను తీశాను.
అప్పుడడిగాడు:
"మీరు కొట్టేటప్పుడు నీళ్లు పోసినారా మేడం?
నీళ్లు తగ్గితే మాకు బిట్టు కాలిపోతాది.
ఎముక గూడా రాయే గదా."

తస్లీమా ట్రే సర్దడం ఆపింది.
ఆ రోజు కరెంటు పోయి వచ్చింది.
సెలైన్ గొట్టం మడతపడిందని ఆమె చెప్పేసరికి
చివరి రెండు మిల్లీమీటర్లు అయిపోయాయి.
నాలుగు సెకండ్లు. ఐదేమో.
కేసు షీటులో ఆ సెకండ్లకు గడి లేదు.

"తెలీదు కుళ్లాయప్పా," అన్నాను.
"ఆ పన్ను కావచ్చు. నా చెయ్యి కావచ్చు. రెండూ కావచ్చు."
తలూపాడు.
ఎన్ని చేన్లలో నిలబడి
తనూ ఇలాగే చెప్పి ఉంటాడో.

ముందు పక్క పంటి వేరు కడిగి మూశాను.
వారం తర్వాత చిగురు తెర ఎత్తి,
ఎముకకు చిన్న కిటికీ కోసి,
లోపలి మెత్తటి బూడిదెరుపు కండను గీకాను, గీకాను,
చెంచా కింద గట్టి ఎముక కిర్రుమనేదాకా.
స్క్రూ మొన మూడు మిల్లీమీటర్లు కోసేశాను.
ఈసారి నీళ్లు ధారగా.
తస్లీమా గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది,
పాము తల పట్టినట్టు.
గుంటలో ఎముక పొడి, మీద పొర, ఐదు కుట్లు.
స్క్రూని మాత్రం పీకలేదు.
కదలనిదాన్ని పీకడానికి మనసొప్పలేదు.
మనసనడం తప్పు, చదువూ ఒప్పుకోదు.

నిన్న నాలుగో నెల ఎక్స్‌రే.
అంచుల నుంచి లోపలికి
నలుపులో బూడిదరంగు కమ్ముతోంది.
"మానుతోంది!" అన్నాను,
సంతోషం దాచుకోవడం చేతకాక.

కుళ్లాయప్ప తెరని చాలాసేపు చూశాడు.
"తొమ్మిదొందల అడుగుల కాడ
తడి దుమ్ము లేస్తాది మేడం.
రైతు ఎగురుతాడు, టెంకాయ తెమ్మంటాడు.
మేము మాత్రం నీళ్లని చెప్పం.
ఇంకో రాడ్డు దించుతాం."

ఆరు నెలలకి మళ్లీ రమ్మని రాశాను.
ఫలితం అన్నచోట
పెన్ను ఆనించి, ఎత్తేశాను.